కంట్రీ పాట, హాలీవుడ్ తెర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్ర: క్రిస్ క్రిస్టాఫర్సన్‌ను 'బ్లేడ్' సినిమాలోనే చూశాను. ఆయన అసలు గాయకుడా, నటుడా?

జ: అన్నిటికన్నా ముందు కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీత శైలి) పాటల రచయిత. 1936లో టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో పుట్టారు. రోడ్స్ స్కాలర్‌షిప్‌తో ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. సైన్యంలో హెలికాప్టర్ పైలట్‌గా కెప్టెన్ హోదా అందుకున్నారు. 1965లో సైన్యం వదిలి, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ చేరి, కొలంబియా స్టూడియోలో ఊడ్చి తుడిచే పనికి కుదిరారు. అది చాలక, లూసియానా తీరాన సముద్రంలో ఉన్న చమురు రిగ్గులకు హెలికాప్టర్ నడిపారు. ఆయన పాటలను ఇతరులు పాడాకే పేరొచ్చింది. జానీ క్యాష్ పాడిన 'సండే మార్నింగ్ కమింగ్ డౌన్' 1970లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఉత్తమ గీతం. జానిస్ జాప్లిన్ పాడిన 'మీ అండ్ బాబీ మెగీ' 1971లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి చేరింది. సినిమాలు ఆ వెంటనే మొదలయ్యాయి. 1972లో 'సిస్కో పైక్' వచ్చింది. 1976 నాటి 'ఎ స్టార్ ఈజ్ బార్న్' గోల్డెన్ గ్లోబ్ తెచ్చింది. 2024 సెప్టెంబరులో కన్నుమూశారు.

ప్ర: అంత పెద్ద హీరో మధ్యలో ఎందుకు వెనకబడ్డారు?

జ: ఆయన హీరోగా 1980లో వచ్చిన 'హెవెన్స్ గేట్' దెబ్బ. ఖర్చు సుమారు 4 కోట్ల 40 లక్షల డాలర్లు, అమెరికాలో వసూలు దాదాపు 35 లక్షలు. మరుసటి ఏడాది ఆ సినిమా తీసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థే మరో స్టూడియో ఎమ్‌జీఎమ్ చేతికి వెళ్ళిపోయింది. హీరో వేషాలు తగ్గాయి. అయినా ఆయన నిలదొక్కుకున్నారంటే పాటల పుణ్యమే. 1985లో క్యాష్, విల్లీ నెల్సన్, వేలన్ జెన్నింగ్స్‌లతో కలిసి 'హైవేమ్యాన్' పేరుతో ఆల్బమ్ చేశారు. 1996లో 'లోన్ స్టార్'లో క్రూరుడైన షెరిఫ్‌గా మళ్ళీ మెప్పించారు. మా దృష్టిలో ఆయన నటనకు గీటురాయి ఆ పాత్రే.

ప్ర: పాడేవాళ్ళకు, రాసేవాళ్ళకు డబ్బు ఎలా అందుతుంది? సినిమాలో పాట వాడితే?

జ: అమెరికా చట్టం ప్రకారం ఒక పాటలో రెండు హక్కులుంటాయి. మాటలూ బాణీ కలిసినది ఒకటి, రికార్డింగ్ మరొకటి. మామూలు ఏఎమ్, ఎఫ్‌ఎమ్ రేడియోలో పాట మోగితే రచయితకూ, పాట హక్కులు చూసే పబ్లిషర్‌కూ డబ్బు వస్తుంది. పాడినవారికి పైసా రాదు. రికార్డింగ్‌కు చెల్లింపు వచ్చేది ఉపగ్రహ, ఇంటర్నెట్ రేడియోల నుంచే. అందుకే నాష్‌విల్‌లో గాయకులు సొంతంగా రాయడానికి అంత తాపత్రయపడతారు.

లెక్క చూడండి. 2025లో సీడీ, డౌన్‌లోడ్‌లకు పాట రచయిత, పబ్లిషర్‌ల పక్షానికి కట్టాల్సిన చట్టబద్ధమైన రేటు కాపీకి పాటకు 12.7 సెంట్లు (పాట అయిదు నిమిషాలు మించకపోతే). లక్ష కాపీలకు 12,700 డాలర్లు. ఇద్దరు కలిసి రాస్తే చెరి 6,350. అందులో పబ్లిషర్ సగం తీసుకుంటే చేతికొచ్చేది 3,175. పాడేది కూడా మీరే అయితే, చాలా కాంట్రాక్టుల్లో రికార్డు కంపెనీ రేటులో 75 శాతమే ఇస్తానంటుంది. సంతకానికి ముందు ఈ షరతు కోసం వెతకాలి.

సినిమాలో వాడాలంటే నిర్మాత పాటకూ రికార్డింగుకూ విడివిడిగా అనుమతి తీసుకోవాలి. ఈ రుసుముకు చట్టం నిర్ణయించిన రేటు లేదు, బేరమే. అమెరికా థియేటర్లు పాటల ప్రదర్శనకు రాయల్టీ కట్టవు. టీవీలో వేస్తే మాత్రం వస్తుంది. అయితే ఏ పాట ఎన్ని సెకన్లు మోగిందో, ఎవరు రాశారో తెలిపే క్యూ షీట్‌ను నిర్మాత దాఖలు చేసి ఉండాలి. అందులో పేరు తప్పుపడితే డబ్బు ఆగిపోతుంది. విడుదలవగానే ఆ కాగితం నకలు అడిగి తీసుకోవడం మేలు.

అసలు ప్రమాదం వేరే ఉంది. సినిమా కోసం ప్రత్యేకంగా రాయించుకునే పాటను స్టూడియో 'వర్క్ ఫర్ హైర్' కింద రాయించుకుంటే కాపీరైటు మొదటి నుంచీ స్టూడియోదే. మామూలుగా రచయిత తన హక్కును ఇంకొకరికి రాసిచ్చినా 35 ఏళ్ళ తర్వాత, ముందస్తు నోటీసిచ్చి, వెనక్కి తీసుకునే వీలుంది. ఇక్కడ ఆ దారి కూడా ఉండదు.

ప్ర: ఎల్విస్ ప్రెస్లీ అడిగినా డాలీ పార్టన్ పాట ఇవ్వలేదట, నిజమేనా?

జ: నిజమే. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'ను ఎల్విస్ పాడాలంటే పబ్లిషింగ్ (పాట హక్కుల) సొమ్ములో సగం ఇవ్వాలని ఆయన మేనేజర్ కర్నల్ పార్కర్ షరతు పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు. ఆమె గొంతులో అది 1974లో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళింది. తాను నటించిన సినిమా కోసం మళ్ళీ పాడితే 1982లో మరోసారి అక్కడికే చేరింది. 1992లో 'ది బాడీగార్డ్' కోసం విట్నీ హ్యూస్టన్ పాడితే 14 వారాలు పాప్ చార్టు శిఖరాన ఉంది. ఆ పబ్లిషింగ్ సొమ్ము పంపకం లేకుండా పార్టన్‌కే వచ్చింది.

ప్ర: గాయకులే నటిస్తున్నా పెదవుల కదలిక ఎందుకు తప్పుతుంది?

జ: కంట్రీ గాయకులు తాళానికి కాస్త వెనకగా, ప్రతిసారీ కొంచెం వేరుగా మాట విరుస్తారు. రికార్డింగులో ఒకలా పాడి, సెట్లో అలవాటు ప్రకారం ఇంకోలా విరిస్తే దొరికిపోతారు. విరుగుడు ఇదీ: రికార్డింగు విని, ఊపిరి తీసుకున్న ప్రతి చోటా పాట కాగితం మీద గీత పెట్టుకోవాలి. షాట్‌లో ఉత్తినే పెదవులు ఆడించకుండా గొంతెత్తి పాడాలి, లేకపోతే మెడ నరాలు కదలవు, కెమెరా అది పట్టేస్తుంది. గిటార్ ఉంటే ఏ మాట దగ్గర చెయ్యి ఏ మెట్టు మీద ఉందో కంటిన్యుటీ చూసేవారితో కలిసి రాసుకోవాలి. క్లోజప్ రోజు మొదట్లోనే తీయించుకుంటే మంచిది. రోజంతా పాడాక గొంతుతో పాటు ముఖమూ అలసిపోతుంది.