బీబీసీ మైక్రోలో కలర్ 1 కొడితే అక్షరాలే మారుతున్నాయి, తెర ఎందుకు మారడం లేదు?

మీరు అడిగినవి మూడు విషయాలండీ. ఎమ్యులేటర్‌లో, అంటే పాత మిషన్‌ని అనుకరించే ప్రోగ్రాంలో, 1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్ బీబీసీ మైక్రో మోడల్ బి నడుపుతున్నారు. మోడ్ 1లో (మోడ్ అంటే తెర అమరిక) "కలర్ 1" అంటే అక్షరాలు ఎర్రగా వస్తున్నాయి, వెనకాల తెర మాత్రం నల్లగానే ఉంటోంది. "కలర్ 4" అంటే నీలం వస్తుందనుకుంటే అసలు అక్షరాలే కనపడటం లేదు. మోడ్ 7లో కలర్ అనే ఆదేశానికి దిక్కే లేదు.

నేను ప్రోగ్రాంలు రాసే బేసిక్ భాష నేర్చుకున్నది ఈ మిషన్ మీదే. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి కొన్ని బళ్లకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది, అలా మా బడికీ వచ్చాయి. మాన్యువల్ పక్కన పెట్టుకుని అందరం ముందు రంగుల మీదే పడ్డాం కాబట్టి ఆ భాగం ఇంకా గుర్తుంది.

ముందు తేలికైనది. కలర్‌కి మామూలు నంబరు ఇస్తే అది అక్షరాలకి. దానికి 128 కలిపి ఇస్తే వెనక తెరకి. అంటే ఎర్ర తెర కావాలంటే కలర్ 129. అయితే అది ఇవ్వగానే తెరంతా మారిపోదు, ఆ తర్వాత ప్రింట్ చేసే అక్షరాల వెనక మాత్రమే ఎరుపు పడుతుంది. మొత్తం నిండాలంటే వెంటనే తెర తుడిచే ఆదేశం సీఎల్ఎస్ కొట్టాలి. గీతలకీ బొమ్మలకీ కలర్ పనికిరాదు, వాటికి జీకాల్ (జీ-సీ-ఓ-ఎల్) 0,1 లాంటిది. దాని నేపథ్యానికీ 128 లెక్కే, తుడవడానికి సీఎల్‌జీ. కలర్ స్పెల్లింగ్ బ్రిటిష్ వాళ్లది, "ఓ" తర్వాత "యు" ఉండాలి, లేకపోతే "మిస్టేక్" అని మొహాన కొడుతుంది.

ఇప్పుడు ఆ మాయమైన అక్షరాలు. కలర్ పక్కన మీరు ఇచ్చేది రంగు నంబరు కాదు, డబ్బా నంబరు. మోడ్ 1లో నాలుగే డబ్బాలు: 0 నుంచి 3 దాకా. మిషన్ ఆన్ చేసినప్పుడు వాటిలో వరసగా నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు పోసి ఉంటాయి. నాలుగో నంబరు డబ్బా లేదు కాబట్టి 4 అంటే మళ్లీ 0కే వెళ్తుంది. నల్ల తెర మీద నల్ల అక్షరాలు! మోడ్ 4లో రెండే డబ్బాలు కాబట్టి అక్కడ కలర్ 2 అన్నా ఇదే జరుగుతుంది. మా ల్యాబ్‌లో ఇలా అయినప్పుడు మిషన్ హ్యాంగ్ అయిందనుకుని బ్రేక్ కీ కొట్టేసేవాళ్లు చాలామంది. ఆ అవసరం లేదు. తెరకి నియంత్రణ సంకేతాలు పంపే ఆదేశం వీడీయూ. కనపడకపోయినా వీడీయూ 20 అని టైప్ చేసి రిటర్న్ కొట్టండి, రంగులన్నీ మొదటి స్థితికి వచ్చేస్తాయి.

డబ్బాలో ఏ రంగు పోయాలో చెప్పేది వీడీయూ 19. అసలు రంగుల నంబర్లు ఇవి: 0 నలుపు, 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 పసుపు, 4 నీలం, 5 మెజెంటా, 6 సయాన్, 7 తెలుపు. 8 నుంచి 15 దాకా రెండు రంగుల మధ్య మిణుకుమిణుకుమనేవి. మీకు మోడ్ 1లో నీలం అక్షరాలే కావాలంటే

వీడీయూ 19,1,4;0;
కలర్ 1

అంతే. సెమికోలన్లు వదిలేయకండి, వీడీయూ 19 తన వెనక ఐదు బైట్లు కావాలని కూర్చుంటుంది. తక్కువైతే తర్వాత ప్రింట్ చేసిన అక్షరాలను మింగేస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే, డబ్బాలో రంగు మారిస్తే ఇంతకుముందు దానితో వేసినవన్నీ కూడా ఆ క్షణమే మారతాయి. తెర మెమరీలో ఒక్క బైటు కదలదు. వీడీయూ 19,0,4;0; ఇవ్వండి, తెర మీద ఉన్న రాత చెరగకుండా వెనకంతా నీలమవుతుంది, సీఎల్ఎస్ అక్కర్లేదు. దీనితోనే ఒక చిన్న గారడీ: వీడీయూ 19,1,0;0; అని ఒకటో డబ్బాని నలుపు చేసి, జీకాల్ 0,1తో నిదానంగా బొమ్మంతా గీయండి, ఏమీ కనపడదు. చివర్లో వీడీయూ 19,1,3;0; అంటే బొమ్మంతా పసుపులో ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. అప్పటి కొన్ని ఆటల్లో కదలికలకి ఈ కిటుకు వాడేవాళ్లు.

అన్ని రంగులూ ఒకేసారి కావాలంటే మోడ్ 2కి వెళ్లొచ్చు, అక్కడ పదహారు డబ్బాలు. కానీ వరసకి ఇరవై అక్షరాలే పడతాయి, తెరకే 20 కె (కిలోబైట్ల) మెమరీ పోతుంది. ఉన్నదే 32 కె. డిస్క్ సిస్టమ్ ఉంటే మీ ప్రోగ్రాంకీ వేరియబుల్స్‌కీ కలిపి మిగిలేది 5,888 బైట్లు. టేప్ అయితే 8,704. నన్నడిగితే నాలుగు రంగులు చాలు, చోటు తక్కువైతే మోడ్ 5లో చేసుకోండి, అది 10 కె తోనే సరిపెట్టుకుంటుంది.

మోడ్ 7 లెక్క వేరు. అది టెలిటెక్స్ట్, అంటే టీవీలో అక్షరాల పేజీలు చూపించే పాత పద్ధతి, తెరకి 1 కె మాత్రమే తీసుకుంటుంది, రంగులు వేరే చిప్ చూసుకుంటుంది. అక్కడ రంగు కూడా ఒక అక్షరంలాగే వరసలో ఒక చోటు ఆక్రమిస్తుంది, పైకి ఖాళీగా కనిపిస్తుంది. 129 ఎరుపు, 130 ఆకుపచ్చ, 131 పసుపు, 132 నీలం, అలా 135 తెలుపు దాకా. వీడీయూ 132,157,131 అని ఇచ్చి ప్రింట్ చేస్తే నీలం మీద పసుపు రాత వస్తుంది. 157 అంటే "ఇప్పుడున్న రంగునే వెనక పరిచెయ్" అని. ఏది పెట్టినా ఆ వరస వరకే, కింది వరసలో మళ్లీ నలుపు మీద తెలుపే.

రంగుల ఎంపిక గురించి ఒక మాట. మా ల్యాబ్‌లో మానిటర్లు నలుపు-తెలుపు. ఏ రంగైనా మాకు బూడిద రంగులోనే కనిపించేది. నీలం దాదాపు నలుపు, ఎరుపు కాస్త నయం, ఆకుపచ్చ మధ్యలో, పసుపు తెలుపుకి పక్కింటిది. అందుకే నల్ల తెర మీద నీలం రాత ఎవరం పెట్టేవాళ్లం కాదు. రంగుల తెర మీద కూడా అది కళ్లకి పరీక్షే. నీలం మీద ఎరుపూ అంతే, తెలుపు మీద పసుపూ అంతే. మీ ఎమ్యులేటర్‌లో నలుపు-తెలుపు మానిటర్ ఆప్షన్ ఉంటే ఒకసారి పెట్టి చూడండి, అందులో చదవగలిగితే రంగుల్లో ఢోకా ఉండదు.

చుట్టూ ఉన్న నల్ల అంచుని మార్చడం కుదరదు. అప్పటి మరో బ్రిటిష్ కంప్యూటర్ స్పెక్ట్రమ్‌లో దానికి బోర్డర్ అని ఆదేశం ఉంది, ఇందులో లేదు.

ఇంకోటి, మీరు పెట్టిన ప్రోగ్రాంలో మోడ్ లైను ప్రొసీజర్ (పేరు పెట్టి విడిగా రాసిన భాగం) లోపల ఉంది. అది "బ్యాడ్ మోడ్" అని ఆగిపోతుంది. బయటకి తీసి మొదటి లైన్లలో పెట్టండి, వీడీయూ 19లు దాని తర్వాతే ఇవ్వండి, ఎందుకంటే మోడ్ మారిన ప్రతిసారీ డబ్బాల్లో పాత రంగులే వచ్చి పడతాయి.