ఉద్దానం మీద కాన్సెప్ట్ నోట్ రాస్తున్న చెల్లికి

చెల్లీ,

నీ ముసాయిదా మొత్తం చదివాను. "ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి: కారణాలు, పరిష్కారాలు" అని పేరు పెట్టావు. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ఆ ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి ఊళ్ల బాధ నీకు పరాయిది కాదని ప్రతి పేరాలో తెలుస్తోంది. అయినా పదకొండు పేజీలు చదివిన మనిషి చివరికొచ్చేసరికి "ఇంతకీ ఈ అమ్మాయి ఏం చేస్తానంటోంది?" అనే అడుగుతాడు. ఆ జవాబు ఇంకా కాగితం మీదికి రాలేదు. అది ఎలా తేవాలో నాకు తోచినట్టు రాస్తున్నాను.

కాన్సెప్ట్ నోట్ అంటే నిధులిచ్చేవాళ్లకు పూర్తి ప్రతిపాదనకు ముందు వెళ్లే కాగితం. రెండు మూడు పేజీలు మించకూడదు. ఈ ఆలోచన గురించి కూర్చుని మాట్లాడదాం అని అవతలివాళ్లకు అనిపిస్తే దాని పని అయిపోయినట్టే. నీకు తెలిసినదంతా అందులో పెట్టాలన్న ఆత్రం వద్దు.

అన్నిటికన్నా ముందు ప్రశ్న తేల్చుకో. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోంది అన్నది ప్రశ్నే, కానీ నువ్వు రెండేళ్లలో ఒక చిన్న బృందంతో జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదు. ఎందరో డాక్టర్లు, శాస్త్రవేత్తలు నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదే కారణం అని ఇప్పటికీ తేలలేదు. నువ్వు అవన్నీ వెతుకుతానని రాస్తే ఏదీ వెతకలేవని చదివేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఒకటి పట్టుకో. ఉదాహరణకు ఎండలో పని. నీ ముసాయిదా ఏడో పేజీలో ఒక మూలన రాశావు చూడు, మార్చి నుంచి మే దాకా జీడితోటల్లో పిక్కలు ఏరేవాళ్లు పొద్దంతా ఎండలోనే ఉంటారని, వెంట తెచ్చుకున్న సీసా నీళ్లు మధ్యాహ్నానికే అయిపోతాయని. నా దృష్టిలో నీ నోట్ అక్కడ మొదలవ్వాలి. ప్రశ్న ఇలా రాయొచ్చు: పిక్కల కాలం మొదలవకముందు ఫిబ్రవరిలోనూ, ముగిశాక మే చివరలోనూ అదే కూలీల రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎంత మారింది? ఎండలో గడిపిన గంటలకూ, పనివేళ తాగిన నీళ్లకూ ఆ మార్పుతో సంబంధం ఉందా? అదే ఊళ్లో నీడపట్టున పనిచేసే టైలర్లలో, కొట్లు నడిపేవాళ్లలో ఏం కనిపించింది?

ఇప్పుడు చూడు, ఊళ్లేవో, మనుషులెవరో, ఎప్పుడు వెళ్లాలో, ఏ పరీక్ష చేయాలో అన్నీ ఆ ప్రశ్నే చెబుతోంది. డబ్బెంతో కూడా దాదాపుగా చెబుతోంది. ఇలా చెప్పని ప్రశ్న ఇంకా కుదరలేదనే లెక్క.

దీనితో ఉద్దానం మిస్టరీ వీడిపోదు. ఆ మాట నువ్వే రాసెయ్. "ఈ అధ్యయనం వ్యాధికి మూలకారణాన్ని నిర్ధారించదు. ఎండలో శ్రమకు అందులో పాత్ర ఉందా లేదా అన్నదానికి ఆధారం ఇస్తుంది" అని ఒక వాక్యం పెట్టు. అనుభవమున్న సమీక్షకులు వెతికేది ఈ వాక్యం కోసమే.

ఇక ఇంతవరకూ తెలిసినది ఏమిటన్న భాగం. నువ్వు ప్రపంచ గణాంకాలతో మొదలుపెట్టావు, అవి తీసెయ్. నీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నవే ఉంచు. శ్రీలంకలో ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతుల్లో మధుమేహం, రక్తపోటు లేకుండానే ఇలాంటి జబ్బు కనిపించింది. 2002లో మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ డాక్టర్లు ఇలాంటి రోగుల గురించే రాశారు. ఆ తర్వాత అక్కడా నికరాగువాలోనూ చెరుకు కోసే కూలీలకు నీళ్లు, విశ్రాంతి, నీడ ఏర్పాటు చేసి కిడ్నీల మీద ప్రభావం ఎలా ఉందో చూశారు. నీ ప్రశ్నకు అసలైన చుట్టం అదే. అక్కడ చెరుకు, ఇక్కడ జీడి. పని తీరు వేరు, తిండి వేరు, గాలిలో తేమ వేరు. అక్కడ తెలిసింది ఇక్కడ వర్తిస్తుందో లేదో చూడాల్సిందే కాబట్టి నీ అధ్యయనం అవసరం. ఈ భాగానికి ఒక పేరా చాలు.

రోగుల సంఖ్య దగ్గర చాలా జాగ్రత్తగా ఉండు. ఉద్దానం గురించి రకరకాల అంకెలు తిరుగుతుంటాయి. ఏ అంకె రాసినా ఎవరు లెక్కించారు, ఏ సంవత్సరం, ఏ మండలాల్లో, ఏ పరీక్షతో అన్న నాలుగూ చెప్పగలిగితేనే రాయి. ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్‌ను బట్టి లెక్కగట్టే, కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 60 కన్నా తక్కువగా ఉండటమో, మూత్రంలో ప్రొటీన్ లాంటి కిడ్నీ దెబ్బతిన్న గుర్తులో కనీసం మూడు నెలలు ఉంటేనే దాన్ని దీర్ఘకాలిక వ్యాధి అంటారు. ఒకే ఒక్క క్యాంపులో ఒక్కసారి రక్తం తీసి చెప్పిన అంకెకు ఆ బలం ఉండదు. ఇది నీ పద్ధతికీ వర్తిస్తుంది. మే నెలలో ఈజీఎఫ్ఆర్ తగ్గినట్టు కనిపిస్తే అది ఎండకు తాత్కాలికంగా తగ్గిందా, నిలిచిపోయే జబ్బా అన్నది వానలు పడ్డాక మళ్లీ చూస్తేగానీ తెలియదు. కాబట్టి మూడో విడత ఉండాలి. మూడో విడతంటే మళ్లీ జీపు, మళ్లీ ల్యాబ్, మళ్లీ ఐస్ పెట్టెలు. బడ్జెట్‌లో ముందే పెట్టుకో. చక్కెర, బీపీ కూడా అందరికీ చూడాలి. లేకపోతే "ఇది మధుమేహం వల్లేమో" అన్న ఒక్క మాటకు నీ పనంతా నిలబడదు.

నీళ్ల గురించి నువ్వు రాసిన పేరా మీద ఒక మాట. ఊరి బోర్ల నీళ్లు పరీక్షిస్తానన్నావు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైన రోజే హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకం కూడా మొదలైంది. ఇది ఏళ్ల తరబడి ముదిరే జబ్బు. ఈరోజు కుళాయిలో వచ్చే నీళ్లు పరీక్షిస్తే, పదేళ్ల కింద ఆ మనిషి ఏ నీళ్లు తాగాడో తెలియదు. నీళ్లను వదిలెయ్యమనడం లేదు. ఏ ఇల్లు ఏ సంవత్సరం దాకా ఏ బావి నీళ్లు తాగిందో అడిగి రాసుకో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది కదా, అక్కడివాళ్లకు కాలం గుర్తుండేది దానితోనే. "తిత్లీకి ముందు ఏ బావి?" అని అడుగు, జవాబు వస్తుంది.

మనుషుల్ని ఎలా ఎంచుకుంటావో నువ్వు రాయలేదు. క్యాంపు పెడితే ముందుగా వచ్చేవాళ్లు అప్పటికే అనుమానం ఉన్నవాళ్లు. పగలు ఇంటింటికీ వెళితే దొరికేది ముసలివాళ్లు, జబ్బుతో పనికి వెళ్లలేనివాళ్లు. బలంగా ఉన్న మగవాళ్లు చాలామంది వలసలో ఉంటారు. ఓటరు జాబితాలోంచి లాటరీ తీసి, పనిలోంచి తిరిగొచ్చాక సాయంత్రం కలుస్తామని రాయి. దొరకనివాళ్లెందరో కూడా లెక్క చెబుతామని రాయి.

నైతిక సంఘం (మనుషుల మీద చేసే పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీ) అనుమతి తీసుకుంటామని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఈ ఊళ్లకు అది చాలదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఎలాగూ పాటించాలి, వాటిని దాటి ఆలోచించు. నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ వచ్చిన మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారు, ఎన్ని రోజుల్లో, ఏ ఆసుపత్రికి పంపుతారు, దారి ఖర్చు ఎవరిది? ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్లున్నాయి, వాళ్ల అంగీకార పత్రం ఏ భాషలో ఉంటుంది? ఫలానా ఊళ్లో ఇందరికి జబ్బు అని అచ్చయితే ఆ ఊరి పిల్లలకు సంబంధాలు కుదరడం కష్టమవుతుంది. ఊళ్ల పేర్లు బయటపెట్టబోమని ముందే మాటివ్వు. రక్తం ఇచ్చి ఇచ్చి ఏ ఫలితమూ చేతికి రాక విసిగిపోయిన జనం వాళ్లు. నేను సమీక్షకురాలినైతే ముందు ఈ పేరానే చదువుతాను.

డబ్బు విషయం క్లుప్తంగా. ఈ దశలో మొత్తం ఎంత, అందులో పెద్ద ఖర్చులేవి అన్నది చాలు. నిధి విదేశాల నుంచైతే రెండు సంగతులు గుర్తుపెట్టుకో. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం)కు 2020లో చేసిన సవరణ ప్రకారం ఆ డబ్బులో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థకు వచ్చిన నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. భాగస్వామి సంస్థకు సగం పంపిస్తామని నువ్వు రాసింది అక్కడ కుదరదు. విదేశీ పరిశోధకులతో కలిసి చేస్తే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, ఆ నెలలు కూడా కాలపట్టికలో చూపించు. ఫిబ్రవరి దాటిపోతే నీ అధ్యయనం ఒక నెల కాదు, ఒక ఏడాది వెనక్కి పోతుంది.

భాష సంగతి. "సమగ్ర", "బహుముఖ", "సుస్థిర" లాంటి మాటలు కొట్టేసి ఒకసారి చదువుకో. వాక్యం ఏమీ పోగొట్టుకోకపోతే అవి అక్కర్లేదు. రాసింది పూర్తయ్యాక ఆ ఊరి ఆశా కార్యకర్తకు తెలుగులో చదివి వినిపించు. "సాయంత్రం ఏడింటికి వస్తే ఎవరూ దొరకరు, ఎనిమిదింటికి రండి" లాంటి మాట ఆమె దగ్గరే దొరుకుతుంది, మా బోటివాళ్ల దగ్గర కాదు.

పేజీలు తిరగరాసే తొందర పడకు. ముందు ఆ ప్రశ్న ఒక్కటీ నీ మాటల్లో రాసి పంపు. జీడితోటలే కానక్కర్లేదు, నీకు ఇంకేదైనా బలంగా అనిపిస్తే అదే రాయి. కొత్త సంవత్సరంలోపు పంపితే ఈ ఫిబ్రవరికి కాకపోయినా పై ఫిబ్రవరికి నువ్వు కవిటిలో ఉంటావు.

ప్రేమతో,
అక్క