విజయనగరం దగ్గర చిన్న ఊరా? ముందు ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి

హైదరాబాద్ వదిలి, ఇంటి నుంచే పని చేసుకుంటూ, డెబ్బై దాటిన అమ్మానాన్నలతో విజయనగరానికి గంట దూరంలో ఏదైనా చిన్న ఊళ్లో ఉందామనుకుంటున్నామన్నారు. నెల్లిమర్ల, చీపురుపల్లి, బొబ్బిలి, రాజాం, వీటిలో ఏది మంచిదని అడిగారు. మేం నాలుగేళ్ల కిందట ఇదే పని చేశాం. మొదటిసారి దెబ్బతిని, రెండోసారి కాస్త తెలివి తెచ్చుకుని ఇప్పుడు చీపురుపల్లిలో ఉంటున్నాం. కాబట్టి నా మాటల్లో చీపురుపల్లి మీద కొంచెం మొగ్గు కనిపిస్తే ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ముందు మా మొదటి ఇంటి సంగతి చెప్పాలి. మావారు నెలకి పది రోజులు హైదరాబాద్‌లో ఉండాలి. నేను ఇంటి నుంచి ఒక కంపెనీ అకౌంట్లు చూస్తాను. అత్తయ్య మాతోనే ఉంటారు. ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరిచి విజయనగరం చుట్టూ కిలోమీటర్లు కొలిచాం. భోగాపురం వైపు, హైవేకి రెండు కిలోమీటర్ల లోపల ఒక లేఅవుట్‌లో ఇల్లు అద్దెకి దొరికింది. ఎయిర్‌పోర్టు అక్కడే వస్తుందన్నారు, విజయనగరం అరగంట, విశాఖ గంట. నలభై అడుగుల రోడ్లు, పార్కు, కొబ్బరిచెట్లు. చూడగానే నచ్చేసింది.

చేరాక తెలిసింది, ప్లాట్లు నూటికి పైగా ఉన్నా కట్టిన ఇళ్లు ఆరే. రాత్రి దీపం వెలిగేవి రెండు. మిగతావాళ్లు ధర పెరుగుతుందని కొని, తాళం వేసి వెళ్లిపోయినవాళ్లు. హైవే దాకా వచ్చే షేర్ ఆటో సాయంత్రం ఏడు దాటితే ఉండదు. బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి, పప్పు ఉడికేది కాదు. ఇవన్నీ సర్దుకున్నాం. కార్తీకమాసంలో ఒక రాత్రి పదకొండింటికి అత్తయ్యకి ఆయాసం వచ్చింది. మావారు ఊళ్లో లేరు. నాకు కారు నడపడం రాదు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే గుర్తులు చెప్పమన్నారు. ఏం చెప్పను? వీధికి పేరు లేదు, ఇంటికి నంబరు లేదు, చుట్టూ ఖాళీ ప్లాట్లు. చివరికి మాకు పాలు పోసే అబ్బాయికి ఫోన్ చేస్తే, తన మ్యాజిక్ ఆటోలో పాల క్యాన్లు దింపేసి వచ్చాడు. విజయనగరం తీసుకెళ్లి, తెల్లారేదాకా ఆస్పత్రిలో మాతోనే ఉన్నాడు. అత్తయ్యకి మందులు మార్చారు, మూడో రోజుకి ఇంటికొచ్చేశాం. అరగంట దూరం అన్నది కారు, నడిపే మనిషి, పగటి వెలుతురు మూడూ ఉన్నప్పటి లెక్క అని నాకు అప్పుడు తలకెక్కింది.

రెండోసారి వెతికినప్పుడు మ్యాప్ పక్కన పెట్టేశాం. ఒక్కో ఊరికీ సాయంత్రం బస్సులోనో రైల్లోనో వెళ్లి, రాత్రి తొమ్మిది దాకా తిరిగి, కారు లేకుండా విజయనగరం ఆర్టీసీ బస్టాండుకి తిరిగి రాగలమా అని చూశాం. మీరూ అలాగే చూడండి. రాత్రి తొమ్మిదింటికి మందుల షాపు తెరిచి ఉందా, మూసేస్తే తలుపు కొడితే లేచేవాడు ఉన్నాడా, ఆఖరి బస్సు ఎన్నింటికి, అది తప్పితే ఆటోవాడు ఎంత అడుగుతాడు? టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఇవన్నీ చెప్పేస్తారు. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య రైల్వే గేటు ఉందేమో కూడా చూసుకోండి. హౌరా - చెన్నై మెయిన్ లైన్ మీద గూడ్సు బళ్లు వరసగా పోతుంటాయి, గేటు పడితే ఎప్పుడు లేస్తుందో చెప్పలేం.

ఇక మీరు అడిగిన ఊళ్లు.

అమ్మానాన్నల్లో ఎవరికైనా గుండె జబ్బో, తరచూ ఆస్పత్రికి తిరగాల్సిన అవసరమో ఉంటే మరో ఆలోచన లేకుండా నెల్లిమర్ల. విజయనగరానికి అంటుకున్నట్టే ఉంటుంది, మిమ్స్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి అక్కడే ఉంది. పక్కనే చంపావతి నది, కాస్త పైకి వెళ్తే రామతీర్థం. మీ నాన్నగారికి గుడికి వెళ్లే అలవాటుంటే ఆదివారాలు గడిచిపోతాయి. జూట్ మిల్లు ఊరు కాబట్టి పాత కూలీల వీధులు, కొత్త అపార్టుమెంట్లు కలిసిపోయి ఉంటాయి. మేం వద్దనుకోవడానికి ఒకటే కారణం. మాకు నచ్చిన ఇళ్లన్నీ మెట్లెక్కి వెళ్లేవే, కింద వాటాలు విద్యార్థులకి ఇచ్చేశారు. తలా ఇంత చొప్పున వాళ్ల దగ్గర వచ్చే అద్దె కుటుంబం దగ్గర రాదు కదా.

బొబ్బిలి నాకు మనసులో ఇష్టమైన ఊరు. అది ఒకరి మీద ఆధారపడే ఊరు కాదు, పాత సంస్థానం, సొంత బజారు, సొంత దర్జా. కోట, 1757 నాటి యుద్ధం కథలు ఉండనే ఉన్నాయి, అవి ఎలాగూ వినిపిస్తారు. ఒకసారి మాత్రం పక్కనున్న గొల్లపల్లి వెళ్లి వీణలు చేసేవాళ్లని చూడండి. ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తుంటే ఎంతసేపైనా నిలబడిపోతాం. కానీ విజయనగరానికి యాభై కిలోమీటర్లకి పైనే. రాయపూర్ లైన్ మీద రైలుంది, మంచిదే. మీకు వారానికోసారి విజయనగరంలో పని ఉంటే మాత్రం ఆ దూరం మూడో నెలకే విసుగొస్తుంది. నెలకోసారైతే బొబ్బిలే వెళ్లండి, నా మాట వినకండి.

రాజాంకి రైలు లేదు. ఉన్నవి మంచి వ్యాపారం, ఇంజినీరింగ్ కాలేజీ, ఒక పెద్ద ఆస్పత్రి. పెద్దవాళ్లకి బస్సు కుదుపులు పడకపోతే ఆలోచించుకోవాలి. ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకి వచ్చింది. పాత దస్తావేజుల్లో శ్రీకాకుళం అనే ఉంటుంది, కంగారు పడకండి, అది దొంగ కాగితం కాదు. అప్పుడే సాలూరు, పార్వతీపురం రెండూ కొత్త పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లిపోయాయి.

చీపురుపల్లి చూడ్డానికి ఏమంత అందమైన ఊరు కాదు. వేసవిలో దుమ్ము, ఎండ. పక్కనే గరివిడి, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీతో పెరిగిన ఊరు, రెండూ దాదాపు కలిసిపోయాయి. కానీ స్టేషన్ మెయిన్ లైన్ మీద ఉంది, విశాఖ - పలాస ప్యాసింజరు ఆగుతుంది. అటు రాజాం, ఇటు విజయనగరం బస్సులు తిరుగుతూనే ఉంటాయి. విజయనగరం ముప్పై కిలోమీటర్లే. 2022లోనే రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా అయింది, చిన్నాచితకా కాగితాల పనికి జిల్లా కేంద్రానికి పరిగెత్తక్కర్లేదు. మాకు ఇల్లిచ్చిన పెద్దావిడని అద్దె ఎంత అని అడిగితే, గ్లాసుతో నీళ్లిచ్చి, "అద్దెకేటమ్మా, ముందు నీళ్లు తాగి సూడు, నచ్చితే మాట్లాడుకుందాం" అంది. ఆవిడకి మా పాత ఇంటి ఉప్పునీళ్ల కథ తెలియదు! రెండు గదులు, హాలు, వెనకాల పెరడు, నెలకి ఆరున్నర వేలు. స్పెషలిస్టు డాక్టరు కావాలంటే మాత్రం విజయనగరమో విశాఖో పోవాల్సిందే, ఇందులో మొహమాటం లేదు.

మీరు అడగనివి రెండు మూడున్నాయి, అవీ చెప్పేస్తా. విశాఖలో ఎక్కువ పని ఉంటే కొత్తవలస చూడండి, అరకు వెళ్లే లైను అక్కడే విడిపోతుంది, రైళ్లకి లోటు లేదు. గజపతినగరం మంచి ఊరే, కానీ ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లే హైవే ఊరి మీదుగా ఉంది. రోడ్డు పక్కన ఇల్లు తీసుకుంటే లారీల మోతకి మీటింగుల్లో మ్యూట్ తీయలేరు. శ్రీకాకుళం వైపు అభ్యంతరం లేకపోతే ఆమదాలవలస. శ్రీకాకుళం పట్టణానికి సొంత స్టేషన్ లేదు, శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలోనే. పట్నంవాళ్లు రైలు కోసం మీ ఊరికి రావాలన్నమాట.

ఏ ఊరైనా సరే, ఇల్లు చూసేటప్పుడు పక్కింటివాళ్లని ఈ ప్రశ్న అడగండి: "హుద్‌హుద్‌కి మీ వీధికి కరెంటు ఎన్నో రోజుకి వచ్చిందండీ?" 2014 అక్టోబరు 12 నాటి ఆ తుఫానుని ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. శ్రీకాకుళం వైపైతే తిత్లీ తుఫాను, 2018 అక్టోబరు 11. ఆ జవాబులోనే నీళ్లు ఎక్కడ నిలిచాయి, ఎవరింట్లో జనరేటర్ ఉంది, లైన్‌మన్ పలుకుతాడా లేదా, అన్నీ బయటపడతాయి. అంత పెద్ద ప్రశ్నలు బ్రోకర్‌ని అడిగితే "ఏ టెన్షనూ లేదండి" అనే చెబుతాడు. ఇంటర్నెట్ సంగతి కూడా అంతే. కేబులాయన ఇచ్చే ఫైబర్ కనెక్షన్ బాగానే నడుస్తుంది, పోయేది కరెంటే. ఇన్వర్టర్ పెట్టుకోండి, రౌటర్‌కి విడిగా చిన్న బ్యాటరీ పెట్టుకోండి, ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉంచుకోండి. వర్షాకాలంలో నాకు ఈ మూడూ అక్కరకొచ్చాయి.

స్థలం మాత్రం ఇప్పుడే కొనకండి. ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఇరవై, ముప్పై కిలోమీటర్ల అవతల కూడా ప్లాట్లు అమ్ముతున్నారు. ఏడాది అద్దెకి ఉండండి. ఆ తర్వాత కొనాలనుకుంటే ముప్పై ఏళ్లకి ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం, తీయించండి. అది జిరాయితీ (సొంత హక్కున్న) భూమా, డి-పట్టానా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమా) అన్నది తహసీల్దార్ ఆఫీసులో, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. లేఅవుట్‌కి అనుమతి ఉందని చూపే ఎల్‌పీ నంబరు అడగండి. వీటన్నిటికంటే ముందు ఆ ఊరి పాత రైతునొకరిని పట్టుకుని అక్కడ గెడ్డ (వాగు) ఎటు పారేదో అడగండి. మాకు ఒక ప్లాటు చూపించినప్పుడు దారిన పోతున్న ముసలాయన నవ్వి, "బాబూ, మా చిన్నప్పుడు ఇక్కడ సేపలు పట్టీవోళ్లం" అన్నాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి ఆ ప్లాటుకి!

మనుషుల గురించి మీకు భయం అక్కర్లేదు, ఓపిక కావాలి. మొదటి నెలంతా "ఎవరి తాలూకండీ?" అని అడుగుతూనే ఉంటారు. ఇంటిపేరు, కన్నవారి ఊరు, పిల్లలెందరు, ఆయన హైదరాబాద్‌లో ఏం చేస్తారు, అన్నీ. నాకు మొదట్లో చిరాకేసేది. అత్తయ్యకి మాత్రం అదే మందు. లేఅవుట్‌లో ఎనిమిది నెలలు కిటికీ దగ్గర కూర్చున్న మనిషి, ఇక్కడికొచ్చిన పదిహేను రోజులకి పక్క వీధిలో వాళ్లమ్మగారి ఊరివాళ్లని పట్టేసింది. ఇప్పుడు నాకు ఏది ఎక్కడ దొరుకుతుందో ఆవిడే చెబుతుంది. మీ నాన్నగారు పేపరు చదువుతూ కబుర్లు చెప్పే మనిషైతే రచ్చబండో, గ్రంథాలయమో, స్టేషన్ ప్లాట్‌ఫారం బెంచీయో ఇంటికి నడిచే దూరంలో ఉండేలా చూసుకోండి. ఈ ఒక్కదానికి అద్దె వెయ్యి ఎక్కువైనా ఇవ్వండి.

చూడ్డానికి అక్టోబరులో రండి, వాన పడుతుండగా రండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం, ఆ రోజు మాత్రం ఇళ్లు చూసే పని పెట్టుకోకండి, బస్సులో కాలు పెట్టే చోటు ఉండదు. అద్దె మాట్లాడుకోవడం సంక్రాంతి అయ్యాకే. పండక్కి పిల్లలొస్తారని ఖాళీ వాటాలు కూడా తాళం వేసి ఉంచుతారు. కనుమ దాటి, వచ్చినవాళ్లు తిరుగు రైలు ఎక్కాక, అవే తలుపుల మీద టులెట్ బోర్డులు కనిపిస్తాయి.