తువోల్ స్లెంగ్‌కి పిల్లాణ్ణి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: అంగ్‌కోర్‌వాట్ చూడ్డానికి కంబోడియా వెళ్తూ నోమ్ పెన్‌లో ఒక రోజు ఆగుతున్నాం. అక్కడి తువోల్ స్లెంగ్ జైలు మ్యూజియంకి తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయిని తీసుకెళ్లొచ్చా? ఎలా చూడాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: తీసుకెళ్లొచ్చండి. కాకపోతే ఏం చూడబోతున్నాడో ముందే చెప్పండి. అదొకప్పటి హైస్కూలు. 1975 ఏప్రిల్‌లో నోమ్ పెన్‌ను పట్టుకున్న ఖ్మేర్ రూజ్ (కంబోడియా కమ్యూనిస్టులు) పాలకులు దాన్ని ఎస్-21 అనే రహస్య జైలు చేశారు. 1979 జనవరిలో వియత్నాం సైన్యం వచ్చేదాకా అది నడిచింది. 14 వేలమందికి పైగా లోపలికెళ్లారని అంచనా. బతికి బయటపడ్డవాళ్లు బహు కొద్దిమంది.

ఎ, బి, సి, డి అని నాలుగు బ్లాకులుంటాయి. ‘ఎ’ బ్లాకులో గదికో ఇనపమంచం, గోడ మీద ఆ మంచానికే కట్టేసి ఉన్న శవం ఫొటో. చిన్నపిల్లలు వెంట ఉంటే ఈ బ్లాకు వదిలేయండి. బి బ్లాకు నిండా ఖైదీల ఫొటోలు. అన్నీ ఒకేలా ఉన్నాయనిపించి చాలామంది గబగబా దాటేస్తారు. అసలు ఆగాల్సింది ఇక్కడే. మీ అబ్బాయి వయసు వాళ్ల ముఖాలు కూడా కనిపిస్తాయి. సి బ్లాకులో తరగతి గదుల్ని ఇటుకగోడలతో కొట్లుగా విడగొట్టారు. ఒక్కోటి 80 సెంటీమీటర్ల వెడల్పు, రెండు మీటర్ల పొడవు. వరండాకి అల్లిన ముళ్లకంచె ఖైదీలు పైనుంచి దూకి చచ్చిపోకుండా! ఆవరణలోని పొడవాటి కొయ్య చట్రం బడిపిల్లలు కసరత్తు చేసింది. తర్వాత ఖైదీల్ని వేలాడదీసింది కూడా దానికే. డి బ్లాకులో వాన్ నాథ్ చిత్రాలు చూడండి. ఆయన అక్కడినుంచి బతికి బయటపడ్డ చిత్రకారుడు.

పెద్దలకి టికెట్ 5 డాలర్లు, ఆడియో గైడ్‌కి ఇంకో 5. పది డాలర్లా అని వెనకాడకండి. అది లేకుండా వెళ్తే అరగంటలో గుండె బరువు తప్ప ఏమీ మిగలదు. దాంతో చూస్తే రెండున్నర గంటలు పడుతుంది. ఉదయం ఎనిమిదికే తెరుస్తారు, ఎండెక్కకముందే వెళ్లండి. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలేసుకోవాలి. సెల్ఫీల సరదా గేటు బయటే వదిలేయండి.

నగరానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న చోయుంగ్ ఎక్‌ని ఆ తర్వాతే చూడండి. ఖైదీల్ని ఇక్కణ్ణుంచి రాత్రిపూట లారీల్లో అక్కడికే తీసుకెళ్లి చంపేవారు. వానలకి ఇప్పటికీ నేలలోంచి ఎముకలు, గుడ్డపేలికలు పైకి తేలుతుంటాయి. బాట దిగకండి, ఏదీ ముట్టుకోకండి.

హైదరాబాద్‌లో డాలర్లు మార్చుకునేటప్పుడు చిరుగూ మరకా లేని నోట్లే అడిగి తీసుకోండి. కొంచెం చిరిగినా అక్కడ తీసుకోరు.