మోకాళ్ల మీదే నిద్రపోతున్నాను

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామమున వందనములు. నేను ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. ఉదయం 4.45కి లేచి వేకువ ప్రార్థన చేసుకుంటాను. 6.30కి కాలేజీ బస్సు వస్తుంది. సాయంత్రం స్టడీ అవర్ ముగించుకొని ఇల్లు చేరేసరికి 7.15 అవుతుంది. భోజనాలయ్యాక నాన్నగారు 9.30కి కుటుంబ ప్రార్థన మొదలుపెడితే 10.15 వరకు సాగుతుంది. ఆ తర్వాత రికార్డులు రాసుకొని పడుకునేసరికి 11.45. బుధవారం గృహకూటం, శుక్రవారం ఉపవాసం, శనివారం రాత్రి క్వయర్ ప్రాక్టీసు, ఆదివారం ఉదయం సండేస్కూలులో చిన్నపిల్లలకు పాఠం, ఆరాధన, సాయంత్రం యవనస్థుల కూటం. ఏడాదిలో బైబిలంతా చదువుతానని జనవరిలో తీర్మానం చేసుకుంటే లేవీయకాండం దగ్గరే ఆగిపోయింది. ఈ మధ్య మంచం పక్కన మోకరించి, తల పరుపుకు ఆనించి అలాగే నిద్రపోతున్నాను. అమ్మ తట్టి లేపుతుంది. దేవునికి మొదటి స్థానం ఇవ్వలేకపోతున్నానని ఏడుపొస్తోంది. నా దినచర్యను ఎలా మార్చుకోవాలి?
— ఒక సోదరి, తెనాలి ప్రాంతం

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదివాక నీవు రాసిన వేళలను ఒక కాగితం మీద వేసుకొని లెక్కపెట్టాను. రాత్రి 11.45 నుంచి తెల్లవారుజామున 4.45 వరకు సరిగ్గా ఐదు గంటలే నీవు నిద్రపోతున్నావు. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పైగా ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను పెద్దవారిలో కంటే ఆలస్యంగా ఊరుతుంది కాబట్టి, రాత్రి కళ్లు మూతపడకపోవడమూ తెల్లవారుజామున కళ్లు తెరుచుకోకపోవడమూ బద్ధకం వల్ల వచ్చేవి కావు. అంటే తక్కువలో తక్కువ రోజుకు మూడు గంటల చొప్పున, కాలేజీ ఉన్న ఆరు రోజులకు 18 గంటల నిద్ర నీకు బాకీ పడుతోంది. నీవు ఆత్మీయ లోపమని ఏడుస్తున్నది ఈ బాకీ గురించే.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ఒకసారి తీసి చూడు. త్రోయలో, అనేక దీపాలున్న మేడగదిలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యవనస్థుడు గాఢనిద్రలో మూడవ అంతస్తు నుంచి జారి కింద పడి చనిపోయాడు. పౌలు దిగి వెళ్లి అతనిని కౌగిలించుకున్నాడు, అతడు బ్రతికాడు. ఆ వచనాలను ఎన్నిసార్లు చదివినా వాక్యం వింటూ నిద్రపోయినందుకు అతనిని ఎవరో గద్దించినట్టు నాకు ఒక్క మాట కనబడలేదు.

ఇది నాకు అంత సులభంగా బోధపడలేదని ఒప్పుకోవాలి. నేను ఒక జూనియర్ కళాశాలలో ఇరవై ఏళ్లకు పైగా జీవశాస్త్రం బోధించాను. ఒకనాడు ప్రయోగశాలలో ఉల్లిపొర స్లైడు చూడవలసిన అమ్మాయి మైక్రోస్కోపు గొట్టానికి నుదురు ఆనించి నిద్రపోతూ కనిపించింది. అందరి ముందు గట్టిగా మందలించాను. తలెత్తినప్పుడు ఆమె నుదుటి మీద గుండ్రంగా గొట్టం అచ్చు పడి ఉంది. ముందు రాత్రి వాళ్ల సంఘంలో రాత్రంతా ప్రార్థన జరిగిందనీ, తెల్లవారే వరకు పాటలు పాడి నేరుగా బస్సెక్కిందనీ మధ్యాహ్నం ఆమె స్నేహితురాలు చెప్పింది. ఆ మందలింపు ఈనాటికీ నన్ను బాధిస్తుంది. ఆ పిల్లను ఇంటికి పంపి పడుకోబెట్టవలసిన పెద్దలలో నేనూ ఒకదానినే కదా.

ఇక నీ దినచర్య సంగతికి వద్దాం. ముందుగా ఈ ఉత్తరాన్ని మీ నాన్నగారికి చూపించు. కుటుంబ ప్రార్థనను 9.30 నుంచి 7.45కి, అంటే భోజనానికి ముందుకు మార్చమని నా మాటగా అడుగు. నీవు బస్సు దిగి ముఖం కడుక్కొని కూర్చునే వేళకు ఇంటిల్లిపాదీ మెలకువగా ఉంటారు. ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదివి, ఒకరు ప్రార్థన చేస్తే 8 గంటలకు కంచాల ముందు కూర్చోవచ్చు. 8.20 నుంచి 9.45 వరకు రికార్డులు రాసుకొని 10 గంటలకు దీపం ఆర్పి, 5.30కి లేస్తే ఏడున్నర గంటల నిద్ర దక్కుతుంది. ఎనిమిది పూర్తి కాకపోయినా, ఐదుకూ ఏడున్నరకూ మధ్య ఎంత తేడా ఉందో పది రోజులలో నీకే తెలుస్తుంది.

వేకువ ప్రార్థన పోతుందని భయపడవద్దు. బైబిలులో 1,189 అధ్యాయాలు ఉన్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు అధ్యాయాలకు మించి చదవాలి. ఇంటర్ చదివే రెండేళ్లలో నీకు ఆ లెక్క పెట్టుకోవద్దు. 119వ కీర్తనను తీసుకో. అందులోని 176 వచనాలు ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ హెబ్రీ అక్షరాల పేర్లతో 22 భాగాలుగా ఉన్నాయి, ఒక్కొక్క దానిలో ఎనిమిదే వచనాలు. రోజుకొక భాగాన్ని లేవగానే పైకి చదివి రెండు మాటలలో ప్రార్థించి, ఆ వచనాలలో ఒకదానిని బస్సులో తలచుకుంటూ వెళ్లు. 22 రోజులకు కీర్తన పూర్తవుతుంది. రోజుకు ఏడుసార్లు దేవుని స్తుతిస్తున్నానని చెప్పిన భక్తుడు కూడా ఆ కీర్తనలోనే ఉన్నాడు. బస్సు కోసం నిలబడినప్పుడో, ప్రశ్నపత్రం చేతికి వచ్చినప్పుడో, టిఫిన్ మూత తీసినప్పుడో చెప్పుకునే ఒక్క వాక్యపు ప్రార్థన కూడా లెక్కలోకి వస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

సంఘపు పనులలో రెండింటిని ఈ రెండేళ్లకు వదులుకో. బుధవారపు గృహకూటం మీ వీధిలో జరిగిన రోజున మాత్రమే వెళ్లు. శనివారం క్వయర్ ప్రాక్టీసును ఆదివారం ఆరాధనకు ముందు అరగంటకు మార్చగలరేమో పాస్టరుగారిని అడుగు, వీలుకాదంటే క్రిస్మస్ వరకు సెలవు తీసుకో. శుక్రవారపు ఉపవాసం విషయంలో జీవశాస్త్రం చెప్పినదానిగా కాస్త గట్టిగానే చెబుతున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిలలో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎదిగే వయసులో, ఇంత తక్కువ నిద్రతో, మధ్యాహ్నపు అన్నం మానవద్దు. ప్రభువు కోసం ఏదైనా మానాలనిపిస్తే శుక్రవారమంతా ఫోను ముట్టకుండా ఉండు.

సండేస్కూలును మాత్రం వదలవద్దని నా కోరిక. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ ఈ బడులను ప్రారంభించినది, వారంలో ఆరు రోజులు పనిచేసి ఆదివారం మాత్రమే తీరిక దొరికే పేద పిల్లల కోసమే. పిల్లలకు పాఠం చెప్పేవారికి వాక్యం తమకే ముందుగా బోధపడుతుంది కాబట్టి, ఆ గంట నీకూ మేలు చేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటలు పడుకో. మీ ఇంట్లో ఎవరైనా అభ్యంతరం చెబితే నిర్గమకాండము 20వ అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞను చదివి వినిపించు. ఆ రోజు ఏ పనీ చేయకూడనివారి వరుసలో ‘నీ కుమార్తె’ అనే మాట స్పష్టంగా ఉంది.

ప్రశ్న: నేను హాస్టలులో ఉండి నీట్‌కు చదువుతున్నాను. ప్రతి ఆదివారం ఉదయం వీక్లీ టెస్టు ఉంటుంది, చర్చికి వెళ్లలేకపోతున్నాను. అసలు పరీక్ష కూడా ఆదివారమే పెడుతున్నారు. రాయడం పాపమా? గదిలో మేము ఆరుగురం, ప్రార్థనకు చోటు కూడా లేదు.
— ఒక సోదరుడు, విజయవాడ

జవాబు: బాబూ, నీట్ 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది, రెండూ ఆదివారాలే. ఏడాదికొకసారి వచ్చే ఆ పరీక్షను ప్రార్థన చేసుకొని రాయి, అది పాపమని నేను అనలేను. విశ్రాంతి దినం మనుష్యుని కోసమే నియమింపబడిందని చెప్పిన ప్రభువు ఆ దినాననే రోగులను స్వస్థపరిచాడు. ప్రతి ఆదివారమూ ఆరాధన పోగొట్టుకోవడం మాత్రం చిన్న సంగతి కాదు, దానికి ముందుగానే దారి చూసుకోవాలి.

ఎరిక్ లిడ్డెల్ సంగతి నీవు ప్రసంగాలలో వినే ఉంటావు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ప్రాథమిక పరుగు ఆదివారం పడిందని ఆయన అందులో పాల్గొనలేదు. నాలుగు వందల మీటర్ల పందెంలో పరుగెత్తి 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. ప్రసంగాలలో సాధారణంగా చెప్పని విషయమేమిటంటే, ఆ షెడ్యూలు ఆయనకు నెలల ముందే తెలుసు, ఆ నెలలన్నీ ఆయన కొత్త దూరానికి సాధన చేశాడు. నీవూ ఈ వారమే మీ నాన్నగారి చేత, పాస్టరుగారి చేత ఉత్తరాలు రాయించుకొని వార్డెనుగారిని కలువు, దగ్గరలో సాయంత్రపు ఆరాధన జరిగే సంఘానికి రెండు గంటలు వెళ్లిరావడానికి మర్యాదగా అనుమతి అడుగు. ఒప్పుకోకపోతే నెలకొక ఆదివారమైనా అడుగు. ఇక చోటు విషయానికి వస్తే, నీ మంచం మీద దుప్పటి కప్పుకొని కూర్చుంటే చాలు. నీ గదిమిత్రులకు ముందే ఒక మాట చెప్పి ఉంచు. మన పిల్లలు అనుకునేదాని కంటే తోటివారు ఎక్కువగా గౌరవిస్తారని నా అనుభవం.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. బైబిలు ఫోనులో చదువుతానని తీసుకుంటుంది, అయిదు నిమిషాలకు వీడియోలు చూస్తూ కనబడుతుంది. ఫోను లాక్కుంటే బైబిలు చదవనివ్వలేదని అలుగుతుంది. ఏం చేయాలి?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, లాక్కోవద్దు, బైబిలును ఫోనులో నుంచి బయటికి తీయండి. చేతిలో ఇమిడే కొత్త నిబంధన ఒకటి కొని, మొదటి పేజీలో మీ చేతివ్రాతతో ఆమె పేరు రాసి ఇవ్వండి. దానితో పాటు వచనాల కింద గీతలు గీసుకోవడానికి ఒక పెన్సిలు కూడా ఇవ్వండి. మార్కు సువార్తతో మొదలుపెట్టమనండి, 16 అధ్యాయాలే. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లోని ఫోన్లన్నీ వంటగదిలో ఒకచోట ఛార్జింగుకు పెట్టే అలవాటు చేయండి, మీదీ మీ వారిదీ కూడా. మొదటి వారం ఆమె పక్కన మీరు కూర్చొని మీ బైబిలు తెరవండి.