చుట్టి దాచే బొమ్మకు గట్టి జిగురు వద్దు

ప్రశ్న: నేను ఒసాకాలో ఉంటాను. మూడేళ్లుగా సుమి అనే జపాన్ నల్ల సిరాతో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నాను. వెదురు పొద బొమ్మ ఒకటి బాగా కుదిరిందని, దాన్ని నేనే కకెజికుగా, అంటే గోడకు వేలాడదీసి మళ్లీ చుట్టి దాచుకునేలా తయారు చేశాను. ఊడిపోకూడదని తెల్ల జిగురు చిక్కగా పూసి, వెనుక మందపాటి కాగితం అంటించాను. రెండు నెలలకే అంచులు ముడుచుకున్నాయి, అడ్డంగా మడత గీతలు పడ్డాయి. ఒకచోట సిరా కూడా పాకింది. ఇది బాగవుతుందా? ఇంకోసారి చేస్తే ఏం జాగ్రత్త పడాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో 'ఊడిపోకూడదని' అన్న మాట దగ్గర ఆగిపోయాను. క్యోటోలో ఈ అస్తరు పని, అంటే బొమ్మ వెనుక కాగితాలు అంటించే పని, నేర్చుకున్న మొదటి చలికాలంలో నేనూ అలాగే అనుకున్నాను. నేను కలిపిన జిగురును మా గురువుగారు వేలితో చూసి నీళ్లు పోశారు. మళ్లీ చూసి మళ్లీ పోశారు. చివరికి అది పాలలా పలచబడింది. "ఎప్పటికైనా ఇది ఊడి రావాలి కదా" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఆ చలికాలమంతా పట్టింది.

కకెజికు పాతబడినప్పుడు వెనుక అస్తరు కాగితాలను తడిపి తీసేసి, కొత్తవి వేస్తారు. కొన్ని వందల ఏళ్ల నాటి బొమ్మలు ఇవాళ్టికీ మిగిలి ఉన్నాయంటే అలా తీసి వేయడం వల్లే. అందుకే నీటికి లొంగే గోధుమ గంజినే జిగురుగా వాడతారు. తెల్ల జిగురు ఒకసారి ఆరితే అలా లొంగదు. పైగా ఆరాక బిరుసెక్కుతుంది. చుట్టిన ప్రతిసారీ ఆ బిరుసు దగ్గరే కాగితం విరుగుతుంది. మీ మడత గీతలు అవే. పలచని బొమ్మ కాగితం, వెనుక మందపాటి కాగితం తడికి ఒకేలా సాగవు, ఆరేటప్పుడు ఒకేలా బిగుసుకోవు. అంచులు ముడుచుకున్నది అందువల్ల.

జిగురు గురించి ఇంకొంచెం చెప్పాలి. మైదా కాదు, గోధుమ నుంచి తీసిన పిండిపదార్థం కావాలి. దాన్ని నీళ్లలో నానబెట్టి, సన్నని మంట మీద ఆపకుండా కలుపుతూ ఉడికించి, చల్లారాక జల్లెడలో రుద్ది వడకట్టాలి. బొమ్మను ఆనుకుని ఉండే మొదటి అస్తరుకు ఈ తాజా గంజి. ఆపై అస్తర్లకు జపాన్ పనివాళ్లు 'ఫురునోరి' అనే పాత గంజి వాడతారు. జనవరి చివర, చలి బాగా ముదిరినప్పుడు గంజి కాచి, జాడీల్లో పోసి, చీకటి చల్లని చోట దాదాపు 10 ఏళ్లు ఉంచుతారు. ఆ జాడీ మూత మొదటిసారి తీసినప్పటి వాసన నాకింకా గుర్తుంది. ఆ గంజికి అంటుకునే బలం చాలా తక్కువ. అందుకే కాగితం పరిచాక, బరువైన గుబురు కుంచెతో వెనుకంతా దబదబా కొడతారు. కాగితాల నారలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని పట్టుకుంటాయి. పట్టు నిలుస్తుంది, మెత్తదనం పోదు. మీకు పాత గంజి దొరకకపోతే తాజాదాన్నే బాగా పలచన చేసుకుని, కొట్టే పని మాత్రం మానకండి.

కాగితాలు: మొదటి అస్తరుకు మినో అనే సన్నని జపాన్ కాగితం. మధ్యలో యోషినోలో చేసే మిసు కాగితం. అందులో ఆల్చిప్పల పొడి కలుపుతారు. చివర 'ఉదా' అనే పేరుగల కాగితం. అందులో తెల్ల మట్టి ఉంటుంది. ఈ పొడులవల్ల కాగితం మెత్తగా, కొంచెం బరువుగా ఉండి నిటారుగా వేలాడుతుంది.

సిరా పాకడం వేరే సమస్య. సీసాల్లో దొరికే సిరాల్లో కొన్ని తడి తగలగానే కదులుతాయి. సిరా కణికను రాయి మీద అరగదీసి వేసినా, బొమ్మను కొన్ని వారాలు ఆరనివ్వండి. తర్వాత ఒక మూల తడి తెల్ల కాగితం అద్ది చూడండి. నల్లగా అంటితే ఆ బొమ్మను తడపొద్దు.

ఇక అందరూ తొందరపడేది ఆరబెట్టడంలో. అస్తరు వేసిన బొమ్మ అంచులకు మాత్రమే జిగురు రాసి, 'కరిబరి' అనే పలక మీద బిగించాలి. అది చెక్క చట్రానికి పొరలు పొరలుగా కాగితాలు అంటించి, పచ్చి పెర్సిమన్ కాయల వగరు రసం పూసిన పలక. అంచు కింద ఒక చిన్న కాగితం ముక్క ఉంచండి. తర్వాత వెదురు బద్దను అక్కడినుంచే దూర్చి విడదీయాలి. రెండు రోజులకే తీయొద్దు. వారాలు ఉంచండి, తేమ రోజులూ పొడి రోజులూ రెండూ చూడనివ్వండి. అక్కడ పడని ముడత తర్వాత పడడం అరుదు.

ఇప్పుడున్న బొమ్మను మీరే పీకకండి, ఇస్త్రీ అసలు పెట్టకండి. హ్యోగు, అంటే బొమ్మలకు అస్తరు వేసి కకెజికులు చేసే పనిలో అనుభవమున్న వారికి చూపించి, తెల్ల జిగురు వాడానని ముందే చెప్పండి. కొంత నష్టం తప్పకపోవచ్చు. మీరు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఏ బొమ్మా లేని ఖాళీ కాగితానికి నాలుగైదుసార్లు అస్తరు వేసి చూసుకోండి. నా చేత మొదటి నెలంతా అదే చేయించారు.