అమ్మలూ, ముందు ఎర్త్ పిన్ చూడు

అమ్మలూ,

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో బేస్ గిటార్ కొన్నావనీ, కాలేజీ ఫెస్ట్‌లో వాయిస్తూ పాడబోతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. మీ నాన్న వింటాడని గొంతు తగ్గించి మరీ చెప్పింది. మనింట్లో మళ్ళీ బేస్ మోగబోతోందంటే నాకెంత సంతోషమో రాయలేను. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. రాత్రి సరిగా నిద్ర లేదు. వాట్సాప్‌లో పంపితే పైపైన చదివి వదిలేస్తావని ఉత్తరమే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

ముందు గిటార్ సంగతి చూద్దాం. తల దగ్గరున్న ట్యూనింగ్ కీలు వదులుగా ఉంటే వాటి స్క్రూలు కాస్త బిగించు. లావు తీగ నుంచి మొదలుపెట్టి ఈ, ఏ, డీ, జీ. మామూలు గిటార్‌లోని నాలుగు లావు తీగల స్వరాలే ఇవి, ఒక స్థాయి కింద పలుకుతాయి. ట్యూనింగ్‌కి ఫోన్‌లో యాప్ చాలు. తల దగ్గర తీగలు ఆనే నట్ నుంచి, ఒంటి మీద అవి ఆనే బ్రిడ్జ్ దాకా సాధారణంగా 34 అంగుళాలుంటుంది కాబట్టి మొదట్లో వేళ్ళు అందవు, నొప్పెడతాయి. రోజూ కాసేపు వాయిస్తే అలవాటవుతుంది.

1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చేదాకా బ్యాండ్లలో బేస్ అంటే ఎక్కువగా మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించేదే. దానికి మెట్లుండవు, స్వరం ఎక్కడుందో చెవితో వెతుక్కోవాలి. నీ గిటార్‌కి ఫ్రెట్లున్నాయి, మన వీణ మెట్లలాంటివే. వేలు ఫ్రెట్ మీద పెట్టకు, దానికి కాస్త వెనక నొక్కు.

ఫ్రెట్లున్న పొడవాటి మెడే నెక్. దాని లోపల ట్రస్ రాడ్ అని ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. నాలుగు తీగలూ కలిసి పెద్ద మనిషి బరువుతో నెక్‌ని లాగుతుంటే, అది వంగిపోకుండా ఎదురు నిలబడేది ఆ కడ్డీయే. తీగలు ఎత్తుగా ఉన్నాయని దాన్ని తిప్పేయకు. తీగల ఎత్తు సరిచేసేది బ్రిడ్జ్ మీద తీగలు ఆనే చిన్న ముక్కలతో, వాటినే శాడిల్స్ అంటారు. నెక్ నిజంగానే వంగి ఉంటే అప్పుడు కడ్డీని పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి చూడు. శాడిల్స్‌తో ఇంకో పని కూడా ఉంది. 12వ ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకనట్టు వాయిస్తే వచ్చే స్వరం, అక్కడే నొక్కి వాయిస్తే వచ్చే స్వరం ఒకటే కావాలి. నొక్కింది కాస్త ఎక్కువ పలికితే శాడిల్‌ని నెక్‌కి దూరంగా జరుపు.

ఇక పికప్‌లు. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ రాగి చుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది, శబ్దాన్ని పెంచే ఆంప్‌కి వెళ్ళేది అదే. నీది జాజ్ బేస్ రకమట, మీ అమ్మ ఫోటో పంపింది. రెండు పికప్‌లు, దేనికది ఒక వాల్యూమ్ నాబ్. నెక్ వైపుది గుండ్రంగా, నిండుగా మోగుతుంది. బ్రిడ్జ్ వైపుది గట్టిగా, పదునుగా ఉంటుంది. ఒక్కటే పెట్టి వాయిస్తే వెనకాల సన్నగా ‘హుమ్’మని మోత వస్తుంది. రెండు నాబ్‌లూ పూర్తిగా తిప్పితే ఒకదాని మోతను ఇంకోటి కొట్టేస్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకో, ఎందుకో చెప్తాను.

మీ నాన్న నీకీ సంగతి ఎప్పుడూ చెప్పి ఉండడు. అప్పట్లో మా ఆర్కెస్ట్రాలో బేస్ వాయించింది మీ నాన్నే. ఇళయరాజా పాటలకి శశిధరన్ వాయించిన బేస్‌ని టేప్ రికార్డర్‌లో ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ, అన్నం కూడా మర్చిపోయి నేర్చుకునేవాడు. అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో శ్రీరామనవమి పందిరి. గుడి ముందు కదా అని అందరం చెప్పులు విప్పి స్టేజి ఎక్కాం. సాయంత్రం కళ్ళాపి చల్లిన నేల ఇంకా తడిగానే ఉంది. ఆంప్ పెట్టగానే ఒకటే మోత. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే పెట్టుకుని వాయించడం వాడికి ఇష్టం, మోతలో సగం అక్కడిదే. రెండో నాబ్ తిప్పితే తగ్గేది. వాడు అది చూడలేదు. ఎవరో చెప్పారని కటింగ్ ప్లేయర్ తెప్పించి, ఆంప్ ప్లగ్‌కున్న లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, పీకేశాడు. మోత తగ్గింది. వాడు నా వైపు తిరిగి నవ్వాడు.

రెండో పాటలో కోరస్ అందుకోవడానికి మైకు దగ్గరికి వెళ్ళాడు. ఎడమ చేయి తీగల మీద ఉంది. పెదవి మైకుకి తగిలిందో లేదో, వెనక్కి ఎగిరి డ్రమ్స్ మీద పడ్డాడు. చేయి మాత్రం నెక్‌ని వదల్లేదు, వదల్లేకపోయింది. ఎవరో మెయిన్ ఆపాక వదులైంది. వాడి కింది పెదవి మీద తెల్లటి మచ్చ ఉంటుంది చూడు, చిన్నప్పుడు పడ్డానని మీకు చెప్పాడే, అది ఆ రోజుదే. తర్వాత కూడా కొన్నాళ్ళు వాయించాడు గానీ, మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళలేదు. అంత మంచి గొంతు.

ఎందుకలా జరిగిందో నీకు అర్థం కావాలి. బ్రిడ్జ్ కింద నుంచి ఒక సన్నటి వైరు లోపలికెళ్ళి వాల్యూమ్ నాబ్ వెనక సోల్డర్ అయి ఉంటుంది. అక్కడి నుంచి కేబుల్ గుచ్చే జాక్, జాక్ నుంచి కేబుల్, కేబుల్ నుంచి ఆంప్ డబ్బా, అక్కడి నుంచి ప్లగ్‌లో ఎర్త్ పిన్. అంటే నువ్వు తీగ ముట్టుకుంటే ఎర్త్‌ని ముట్టుకున్నట్టే. మన ఒళ్ళు పట్టే మోతంతా ఆ దారిన పోతుంది, అందుకే తీగ మీద చేయి వేయగానే శబ్దం సద్దుమణుగుతుంది. ఆంప్ లోపల ఇన్సులేషన్ పోయి కరెంటు డబ్బాకి తగిలినా, ఎర్త్ ఉంటే ఫ్యూజు కొట్టేస్తుంది. ఆ పిన్ను లేకపోతే 230 వోల్టులూ నీ తీగల మీదే ఉంటాయి, నువ్వు మైకు ముట్టుకునేదాకా తెలియదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్ట్ ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని స్టేజి మీదే చనిపోయాడు. మీ నాన్న బతికాడు, నువ్వు పుట్టావు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

అందుకని, మొహమాటం లేకుండా ఈ పనులు చెయ్యి. మల్టీమీటర్ కొను, మంచి తీగల సెట్ కంటే తక్కువకే వస్తుంది. దాన్ని కంటిన్యూటీలో, అంటే దారి తెగకుండా ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్‌లో, పెట్టి ఒక పిన్ను బ్రిడ్జ్‌కి, ఇంకోటి జాక్ బయటి లోహానికి ఆనించు, బీప్ రావాలి. రాకపోతే ఆ సన్న వైరు ఊడింది, సోల్డర్ చేయించు. స్టేజి మీద పాడే ముందు మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక పిన్ను తీగకి, ఇంకోటి మైకు జాలీకి ఆనించు. దాదాపు సున్నా ఉండాలి. పదులు చూపిస్తే వాయించకు, ఎవరు తొందర పెట్టినా సరే. హాస్టల్‌లో టూ పిన్ ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఆంప్ తగిలించావో, అప్పుడు నిజంగానే తిడతాను. మైకుకి స్పాంజి తొడుగు వేయించు. కాళ్ళకి బూట్లు వేసుకో, గుడి దగ్గరైనా సరే, దేవుడు ఏమీ అనుకోడు.

మిగతావి చిన్న సంగతులు. జాక్ నట్టు వదులైతే బయటి నుంచే తిప్పకు, లోపల వైర్లు మెలితిరిగి తెగుతాయి. జాక్ దగ్గరి పలక విప్పి, లోపల జాక్‌ని పట్టుకుని బిగించు. గిటార్ లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటే, వాయించడం అయ్యాక కేబుల్ పీకెయ్. గుచ్చి ఉంచితే బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. కోప్పడితే కోప్పడనీ, అది కోపం కాదని నీకిప్పుడు తెలుసుగా. ఫెస్ట్ తేదీ ఖాయం కాగానే చెప్పు. ముందు రోజే వస్తాను, నా మీటర్ నేనే తెచ్చుకుంటాను. సౌండ్ చెక్ టైముకి నన్ను లోపలికి రానివ్వమని మీ వాళ్ళకి చెప్పి ఉంచు.

ఆశీస్సులతో,
పెదనాన్న